అరవై దాటాక ఏ బ్యాట్ పట్టాలి?

నెల్లూరు తీరంలో టేబుల్ టెన్నిస్ ఆడే పెద్దవాళ్ల నోట అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక మాట తరచూ వినిపిస్తుంది: “గాలి బరువెక్కింది అబ్బయ్యా, బంతి పోవడంలా.” బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ముసురు కమ్మిన రోజుల్లో క్లబ్బు హాల్లోకి అడుగుపెడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. భౌతికశాస్త్రం మాత్రం ఒప్పుకోదు. నీటి ఆవిరి అణువు నత్రజని, ఆక్సిజన్ అణువుల కంటే తేలిక. గాలిలో ఆవిరి పెరిగేకొద్దీ గాలి బరువు తగ్గుతుంది. 30 డిగ్రీల వేడిలో 85 శాతం తేమ ఉన్నా ఆ తగ్గుదల ఒకటిన్నర శాతం లోపే. బంతికి అది లెక్కలోది కాదు. అసలు మార్పు బ్యాట్ మీద జరుగుతుంది. రబ్బరు పైన కంటికి కనపడనంత పల్చటి తడి పొర కూర్చుంటుంది. బంతిని ఒరుసుకుంటూ స్పిన్ ఇవ్వాల్సిన రబ్బరు పట్టు తప్పి జారుతుంది. టాప్‌స్పిన్ కొట్టబోతే బంతి నెట్‌లో పడుతుంది. కారణం చెప్పడంలో పొరపాటు ఉన్నా ఫిర్యాదు మాత్రం నిజమైనదే. మందు కూడా చిన్నదే: పొడి నూలు గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకుని తుడుచుకుంటూ ఉండటం, ఆట అయ్యాక బ్యాట్‌ను గాలి చొరని సంచిలో పెట్టడం.

తుడిస్తే పోనిది వయసు. అరవై దాటిన ఆటగాడు ఓడటం మొదలుపెట్టాక చేసే పని ఒకటుంది. కొడుకో, అల్లుడో ఆడే ఖరీదైన కార్బన్ బ్యాట్ లాంటిదే తనకూ తెప్పించుకుంటాడు. చేతిలో తగ్గిన వేగాన్ని బ్యాట్‌తో పూడ్చుకుందామని ఆశ. నా దృష్టిలో ఇది తలకిందుల వైద్యం. పెద్ద వయసు ఆటగాడికి కొరతగా ఉన్నది వేగం కంటే ఎక్కువగా వ్యవధి. బంతి వచ్చేలోపు చూడటానికి, నిర్ణయించుకోవడానికి, జరగడానికి పట్టే ఆ సెకనులో మూడో వంతు. బ్యాట్, రబ్బరు, నిలబడే చోటు, సర్వీసు, హాల్లో దీపాలు, ఏది మార్చినా ఆ వ్యవధి పెరిగేలా మార్చాలి.

ఒంట్లో తగ్గేవన్నీ ఒకే తీరున తగ్గవు. కన్ను సంగతి ముందు. ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే అరవై ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే వెలుగు దాదాపు మూడో వంతే. కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపెక్కుతుంది. తర్వాత కండరం. మన కండరాల్లో నిదానంగా ముడుచుకుంటూ చాలాసేపు పనిచేసే పోగులు వేరు, చటుక్కున ముడుచుకునే పోగులు వేరు. వయసుతో ముందుగా సన్నబడేవి రెండో రకం. రోజూ ఐదు కిలోమీటర్లు అలుపు లేకుండా నడిచే పెద్దాయన అర మీటరు పక్కకు ఠక్కున జరగలేకపోవడానికి కారణం అదే. ఇక మెదడు. దీపం వెలగగానే మీట నొక్కమంటే కుర్రాళ్లకు సెకనులో ఐదో వంతు పడుతుంది, పెద్దవాళ్లకు అంతకంటే కాస్త ఎక్కువ. కానీ ‘ఎర్ర దీపమైతే ఎడమ, పచ్చదైతే కుడి’ అని ఎంచుకోమంటే తేడా బాగా పెరుగుతుంది. టేబుల్ టెన్నిస్‌లో ప్రతి బంతీ ఇలాంటి పరీక్షే: ఎడమా కుడా, టాప్‌స్పిన్నా బ్యాక్‌స్పిన్నా, పొట్టిదా పొడవుదా? అయితే ఏళ్ల తరబడి ఆడిన కన్నుకు ఒక విద్య మిగిలి ఉంటుంది. ఎదుటివాడి భుజం, మణికట్టు, పాదం చూసి బంతి బ్యాట్‌కు తగలకముందే అది ఎటు వస్తుందో పసిగట్టడం. ఈ విద్య మిగతావాటంత తొందరగా అరిగిపోదు. క్లబ్బుల్లో డెబ్బై ఏళ్లాయన పాతికేళ్లవాణ్ని అటూ ఇటూ పరుగెత్తించడం వెనుక ఉన్నది ఇదే.

మరి ఎక్కడ నిలబడాలి? “బంతి అందడం లేదు, కాస్త వెనక్కి జరగండి” అని చెప్పేవాళ్లే ఎక్కువ. వెనక్కి జరిగితే సమయం దొరుకుతుందన్నది నిజమే. ఎంత దొరుకుతుందో, దానికి ఏం చెల్లించాలో లెక్క వేసి చూద్దాం. బల్ల పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు. ఎదుటివాడు తన వైపు అంచు మధ్యలో నిలబడి సెకనుకు 10 మీటర్ల వేగంతో కొట్టాడనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి దారిలో వేగం తగ్గదనుకుందాం. మీరు మీ అంచుకు అర మీటరు వెనక ఉంటే బంతి 0.32 సెకన్లలో చేరుతుంది. రెండు మూలలకూ వెళ్లే దారులు మీ దగ్గరికి వచ్చేసరికి 1.8 మీటర్ల వెడల్పుకు విచ్చుకుంటాయి. అంటే నడుమ నుంచి ఒక్కో పక్కకు 90 సెంటీమీటర్లు. చేయి చాపి ఒక అడుగు వేస్తే అందే దూరం. అదే అంచుకు రెండు మీటర్లు వెనక ఉంటే 0.47 సెకన్లు దొరుకుతాయి. కానీ వెడల్పు 2.64 మీటర్లవుతుంది, ఒక్కో పక్కకు 1.32 మీటర్లు. లాభం 0.15 సెకన్లు, నష్టం అదనంగా 42 సెంటీమీటర్లు. ఆ దూరాన్ని ఆ లాభంలోనే పూర్తి చేయాలంటే గంటకు 10 కిలోమీటర్ల వేగం కావాలి. అదీ నిలుచున్న చోటి నుంచి, పక్కవాటుగా. చటుక్కున ముడుచుకునే పోగులు తగ్గిన కాలికి ఈ బేరం గిట్టదు. బంతిని బల్ల చివరి నుంచి కాక ముందుకు వచ్చి పక్క మూలకు తిప్పి కొట్టగలవాడు ఎదురైతే వెనక నిలబడ్డవారి పని ఇంకా కష్టం.

కాబట్టి బల్ల దగ్గరే నిలబడాలి, వ్యవధిని మరో దారిలో సంపాదించాలి. మిగిలిన దారి ఒకటే, బంతినే నెమ్మది చేయడం. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మనం వేగంగా కొట్టిన బంతి అవతలివాడి బ్లాక్ తగిలి అంతే వడిగా మన మీదికే వస్తుంది. మీ స్మాష్ పాయింటు తెస్తే సరే. తేకపోతే మీరు కుదురుకునే లోపే బంతి మీ పక్కటెముకల దగ్గర ఉంటుంది. అదే బంతిని సెకనుకు 7 మీటర్ల వేగంతో పంపితే అవతలి అంచుకు చేరడానికే దాదాపు 0.14 సెకన్లు ఎక్కువ పడుతుంది. కాళ్లు కదపకుండా దొరికిన వ్యవధి అది.

బ్యాట్‌తో వ్యవధిని దోచుకోవచ్చని ప్రపంచం మొదటిసారి చూసింది మన దేశంలోనే. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు జరిగాయి. అప్పటిదాకా దాదాపు అందరూ చెక్క మీద పొట్టి పింపుల్స్ (బొడిపెలు) ఉన్న పల్చటి రబ్బరుతో ఆడేవారు. స్పంజి ఉండేది కాదు. ‘టక్ టక్’ మని చప్పుడు వచ్చేది. జపాన్ నుంచి వచ్చిన కళ్లద్దాల బక్కపలచటి హిరోజీ సాటో తన చెక్కకు మందపాటి స్పంజి అతికించుకొచ్చాడు. అతని బ్యాట్‌కు తగిలిన బంతి చప్పుడు చేయలేదు. చెవికి అందే సూచన పోయింది, వేగం అంచనాకు దొరకలేదు. గెలుస్తాడనుకున్న అమెరికా ఆటగాడు మార్టీ రైస్‌మన్‌తో సహా ఒక్కొక్కరూ ఓడిపోయారు. కప్పు సాటోదే. ఆ తర్వాత స్పంజి గొడవ ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1959లో అంతర్జాతీయ సమాఖ్య రబ్బరు, స్పంజి, జిగురు కలిపి 4 మిల్లీమీటర్లకు మించరాదని హద్దు గీసింది. ఇప్పటికీ అదే హద్దు.

రైస్‌మన్ కథ అక్కడితో ఆగలేదు. స్పంజి లేని పాత బ్యాట్‌నే జీవితమంతా సమర్థించాడు. 1997లో తన 67వ ఏట అమెరికా జాతీయ హార్డ్‌బ్యాట్ పోటీలో విజేతగా నిలిచాడు. అది సెంటిమెంటు గెలుపు అనుకోనక్కరలేదు. స్పంజి లేని బ్యాట్ నుంచి బంతి నెమ్మదిగా వస్తుంది, స్పిన్ తక్కువ, ర్యాలీ పొడవు. కాలి వేగం కంటే చూపుకు, ఎత్తుగడకు విలువ ఎక్కువ. అలాంటి పోటీలో అరవై ఏడేళ్ల మనిషి కుర్రాళ్లకు ఇవ్వాల్సిన రాయితీ తక్కువ. మన జిల్లాల్లో క్లబ్బు బీరువాల అడుగున పాత పింపుల్స్ బ్యాట్లు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిని పారేయకండి.

అందరూ హార్డ్‌బ్యాట్‌కు మారాలని నేననను. చిన్నప్పటి నుంచి నునుపు రబ్బరుతో టాప్‌స్పిన్ కొట్టిన చేతికి అది రుచించదు. అలాంటివారు చేయాల్సింది తమ బ్యాట్‌లోనే రెండు మూడు మెట్లు దిగడం. ముందు చెక్క. నిబంధన ప్రకారం చెక్క మందంలో కనీసం 85 శాతం సహజమైన కలపే ఉండాలి. మిగతా చోటులోనే కార్బన్ పొరలు వస్తాయి. కార్బన్ చెక్కను బిగుతు చేస్తుంది, బంతి తగిలినప్పుడు చెక్క వంగక శక్తి వృథా కాక బంతి ఎగిరిపోతుంది. కుర్రాళ్లకు వరం. చిన్న పుష్, మెత్తటి బ్లాక్ ఆడాల్సిన పెద్దవారికి మాత్రం ప్రతి బంతీ అర చెయ్యి ఎక్కువ పొడవు పోతుంది. ఐదు పొరల మామూలు చెక్క బ్యాట్, దుకాణాల్లో ఆల్‌రౌండ్ అని అమ్మేది, వీళ్లకు సరైనది.

స్పంజి విషయంలో మందంతోపాటు గట్టిదనం కూడా చూడాలి. ఇప్పటి పోటీ రబ్బర్లలో స్పంజి 2 మిల్లీమీటర్లకు పైనే, గట్టిగా ఉంటుంది. అది లోపలిదాకా నొక్కుకుంటేనే తిరిగి ఎగదన్నుతుంది. నొక్కుకోవాలంటే చెయ్యి విసురుగా రావాలి. విసురు తగ్గిన చేతిలో అదే రబ్బరు మొద్దుగా మారుతుంది. ఖరీదైన రబ్బరు వేసుకుని “నా చేతిలో చచ్చిపోయింది” అనేవాళ్ల బాధ ఇదే. 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల మధ్య, మెత్తటి స్పంజి అయితే నెమ్మది చేతికి కూడా పలుకుతుంది, బ్లాక్ చేసేటప్పుడు బల్ల దాటిపోదు. బంతి బ్యాట్‌ను అంటి ఉండేది సెకనులో వెయ్యో వంతు మాత్రమే. ఆ లోపల చేతితో సరిదిద్దుకోవడం ఎవరి తరమూ కాదు. చిన్న పొరపాటును పెద్దది చేయని రబ్బరు ఎంచుకోవడమే మన చేతిలో ఉన్నది. బ్యాట్ బరువూ చూసుకోండి. కీళ్ల నొప్పులున్నవారికి, మోచేయి సలిపేవారికి తేలికైన బ్యాట్, కాస్త లావు పిడి హాయి. పిడి సన్నగా అనిపిస్తే టేపు చుట్టుకోవచ్చు. మన తీరంలో చెమటకు అదీ అవసరమే.

ఇక లాంగ్ పింపుల్స్. క్లబ్బుల్లో ఎన్ని తగాదాలకో మూలం ఇదే. కొందరు దీన్ని దొంగాట అంటారు. దాని పని తీరు తెలిస్తే ఆ మాట అనరు. నునుపు రబ్బరు బంతిని పట్టుకుని తన స్పిన్ తను ఇస్తుంది. పొడవాటి సన్నని పింపుల్స్ బంతి తగలగానే పక్కకు వంగిపోతాయి, బంతిని పట్టుకోవు. వచ్చిన బంతి తిరుగుడు చాలావరకు అలాగే మిగులుతుంది, ప్రయాణించే దిశ మాత్రం మారుతుంది. ముందుకు దొర్లుతున్న చక్రాన్ని దాని తిరుగుడు ఆపకుండా వెనక్కి నెట్టినట్టు. ఎదుటివాడు టాప్‌స్పిన్ కొట్టి పంపినది అతని దగ్గరికి బ్యాక్‌స్పిన్‌గా చేరుతుంది. ఎంత బలంగా తిప్పితే అంత బలమైన బ్యాక్‌స్పిన్. కుర్రవాడి బలమే పెట్టుబడి, పెద్దాయన చేయాల్సింది బ్యాట్‌ను సరైన కోణంలో అడ్డం పెట్టడం. పైగా బంతి నెమ్మదిస్తుంది. మనకు కావలసిన వ్యవధి అలా రెండు వైపుల నుంచీ దొరుకుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. పట్టు మీద ఆధారపడని రబ్బరు కాబట్టి ముసురు రోజుల్లో నునుపు రబ్బరుకు జరిగినంత నష్టం దీనికి జరగదు. యాంటీ రబ్బరు కూడా దాదాపు ఇదే పని చేస్తుంది, కాకపోతే పింపుల్స్ లేకుండా జారుడు ఉపరితలంతో.

దీనికీ హద్దులున్నాయి. అవతలివాడు స్పిన్ లేకుండా చప్పగా నెడితే తిరిగి పంపడానికి ఇక్కడ సరుకేమీ ఉండదు. చప్పటి బంతి పైకి లేచి స్మాష్‌కు దొరుకుతుంది. తెలివైనవాడు రెండు ఆటల్లో ఈ సంగతి కనిపెడతాడు. మీరు బ్యాట్‌ను చేతిలో తిప్పి రెండో వైపు వాడటం నేర్చుకోవాలి. అలవాటు కావడానికి నెలలు పడుతుంది. ఏ వైపుతో కొట్టారో ఎదుటివాడు తెలుసుకోవాలని 1986 నుంచి ఒక వైపు ఎరుపు, ఒక వైపు నలుపు ఉండాలన్న నియమం వచ్చింది. 2021 నుంచి నలుపు తప్పనిసరిగా ఉంటూ రెండో వైపు వేరే రంగులకూ అనుమతి ఉంది. బొత్తిగా పట్టులేని పింపుల్స్‌ను 2008లోనే నిషేధించారు. క్లబ్బులో రెండు వైపులా ఒకే రంగు వేసుకొచ్చేవారిని సున్నితంగా వారించవచ్చు.

లక్సెంబర్గ్ తరఫున ఆడే ని షియాలియన్‌ను చూసినవాళ్లు మరోసారి పింపుల్స్‌ను చిన్నచూపు చూడరు. షాంఘైలో 1963లో పుట్టిన ఆమె 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 61 ఏళ్ల వయసులో ఒక మ్యాచ్ గెలిచింది. ఎడమచేతి వాటం, పెన్నులా పట్టే పట్టు, బ్యాట్‌కు ఒక వైపు లాంగ్ పింపుల్స్. ఆమె పరుగెత్తడం అరుదు. బల్ల దగ్గరే నిలబడి బంతిని మూలలకు పంచుతుంది, ప్రత్యర్థి పరుగెత్తుతుంది. యాభై దాటాక 2017లో ఆమె ఆడిన ఒక మ్యాచ్ గంటన్నరకు పైగా సాగింది. పెద్దవాళ్ల ఆట అని పేరుపడ్డ రబ్బరుతో కుర్రాళ్లు కూడా ఏం చేయగలరో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో తేలింది. 2024 ఫిబ్రవరిలో ప్రపంచ జట్ల పోటీలో మన ఐహిక ముఖర్జీ యాంటీ రబ్బరుతో అప్పటి ప్రపంచ ఒకటో ర్యాంకు సున్ యింగ్‌షాను ఓడించింది. అదే పోరులో హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ రెండో ర్యాంకు వాంగ్ యిదిని ఓడించింది. పోరు 3-2తో చైనా గెలిచినా ఆ రెండు మ్యాచ్‌లూ చైనా మరచిపోయి ఉండదు.

వయసుతో ఆట మార్చుకోవడానికి మన పక్కనే, మన భాషవాడే, ఒక ఉదాహరణ ఉంది. చెన్నైలోని తెలుగు కుటుంబంలో 1982లో పుట్టిన ఆచంట శరత్ కమల్. తండ్రి శ్రీనివాసరావు, బాబాయి మురళీధరరావు ఇద్దరూ కోచ్‌లే. శరత్ 2006లో మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచాడు. మళ్లీ అదే స్వర్ణం 2022లో బర్మింగ్‌హామ్‌లో, నలభై ఏళ్ల వయసులో. ఈ పదహారేళ్లలో ఆట అతని కాళ్ల కింద రెండుసార్లు మారింది. స్పంజిని ఉబ్బించి వేగం పెంచే ద్రావకపు జిగురును 2008లో నిషేధించారు. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది, స్పిన్ తగ్గింది. రెండుసార్లూ రబ్బరును, కొట్టే తీరును తిరిగి కుదుర్చుకోవాల్సి వచ్చింది. 2025 మార్చిలో చెన్నైలోనే పోటీ ఆటకు సెలవు చెప్పాడు. అతని శిక్షణ, అతని ఫిజియోలు మనకెక్కడివని అనవచ్చు. నిజమే. కానీ ‘నాకు చిన్నప్పుడు వచ్చిన ఆటే నా ఆట’ అని పట్టుబట్టకపోవడానికి ఫిజియో అక్కరలేదు.

వయసు ఏమీ చేయలేని షాట్ ఆటలో ఒక్కటే ఉంది, సర్వీసు. ఎవరి బంతికీ స్పందించనక్కరలేదు, ఎవరూ తొందరపెట్టరు. తెరిచిన అరచేతి నుంచి కనీసం 16 సెంటీమీటర్లు పైకి ఎగరేయాలి, శరీరంతో చాటు చేయకూడదు. మిగతాది చాలావరకు మీ ఇష్టం. అయినా పెద్దవాళ్లు గంటసేపు ర్యాలీలు ఆడతారు గానీ పది నిమిషాలు సర్వీసు సాధన చేయరు. అవతలి వైపు రెండోసారి బల్ల మీదే తగిలేంత పొట్టి సర్వీసు ఒకటి చేతికి వస్తే ఎదుటివాడు దాన్ని బలంగా కొట్టలేడు. తిరిగొచ్చే బంతి నెమ్మదిగా ఉంటుంది. డబుల్స్ గురించి ఒక మాట. ఆయాసం తక్కువని పెద్దలు డబుల్స్ ఎంచుకుంటారు గానీ, జంటలో ఒకరి తర్వాత ఒకరు కొట్టాలన్న నియమం వల్ల చుట్టూ తిరగడం, ఒకరినొకరు ఢీకొనడం తప్పదు. చక్రాల కుర్చీ ఆటగాళ్ల డబుల్స్‌లో సర్వీసు, దాని తిరుగు బంతి అయ్యాక ఇద్దరిలో ఎవరైనా కొట్టవచ్చు. క్లబ్బు ఆటల్లో పెద్దలకు ఆ నియమం అరువు తెచ్చుకుంటే తప్పేముంది?

జపాన్‌వాళ్లు బ్యాట్‌తో ఆగక బంతినే మార్చారు. 1988లో అక్కడి సంఘం 44 మిల్లీమీటర్ల బంతితో పెద్ద బంతి ఆటను ప్రవేశపెట్టింది. మామూలు బంతి 40 మిల్లీమీటర్లు, 2.7 గ్రాములు. పెద్ద బంతి 2.2 నుంచి 2.4 గ్రాములే. నెట్ ఎత్తు 15.25 నుంచి 17.25 సెంటీమీటర్లకు పెంచారు, పింపుల్స్ బయటికి ఉండే రబ్బరే వాడాలన్నారు. ఫలితం లెక్క కట్టవచ్చు. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే మామూలు బంతిని వెనక్కి లాగే గాలి బలం ఆ బంతి బరువు కంటే ఎక్కువ. పెద్ద బంతిలో గాలికి ఎదురయ్యే వైశాల్యం 21 శాతం పెరిగింది, బరువు 15 శాతం తగ్గింది. రెండూ కలిస్తే అదే వేగం దగ్గర పెద్ద బంతి 40 శాతం ఎక్కువగా మందగిస్తుంది. వ్యవధి కొనడానికి ఇంతకంటే నిక్కమైన పద్ధతి నాకు కనపడలేదు.

మన తీరానికి వస్తే బ్యాట్ కంటే ముందు చూడాల్సింది ఎండ. రోహిణి కార్తెలో పడమటి వడగాలి సముద్రపు గాలిని తొక్కిపెట్టిన రోజుల్లో హాలు పొయ్యిలా ఉంటుంది. 2.7 గ్రాముల బంతిని ఫ్యాను గాలి పక్కకు తోసేస్తుందని ఆటప్పుడు ఫ్యాన్లు ఆపేస్తారు. కుర్రాళ్లకు చెల్లుతుంది. వయసు మళ్లినవారికి చెమట పట్టే శక్తి తగ్గుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే పట్టిన చెమట కూడా ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకని వేసవిలో పొద్దున ఎనిమిది లోపు ఆడాలి, ప్రతి గేమ్‌కూ మధ్య ఫ్యాను వేసుకుని కూర్చోవాలి, దాహం వేయకపోయినా కాసిని నీళ్లో మజ్జిగో తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, రక్తపోటుకు మూత్రం జారీ చేసే మాత్రలు వేసుకునేవారు నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. వంగి బంతి తీసుకుని చటుక్కున లేచినప్పుడు కళ్లు తిరగడం ఈ మాత్రలు వాడేవారిలో మామూలు. కాబట్టి ఒక్కో బంతికీ వంగకుండా నాలుగైదు బంతులతో ఆడి చివరికి ఒకేసారి ఏరించుకోవాలి.

వెలుగు మరీ ముఖ్యం. ప్రపంచ పోటీల్లో బల్ల మీద ఎంత వెలుగు ఉండాలో నియమమే ఉంది. మన హాళ్లలో రెండు ట్యూబులైట్లు, వాటిలో ఒకటి మిణుకుమంటూ. రెటీనాకు మూడో వంతు వెలుగే చేరే కంటికి ఈ హాలు సగం చీకటి గదే. దానికి తోడు సున్నం కొట్టిన తెల్లగోడ ముందు తెల్లబంతి. బల్లకు రెండు చివర్లా గోడకు ముదురు నీలమో ఆకుపచ్చో మనిషి ఎత్తు దాకా పూయిస్తే బంతి విడిగా కనపడుతుంది, ఖర్చు ఒక రంగు డబ్బా. కళ్లద్దాల్లో దగ్గరి చూపు, దూరపు చూపు ఒకే అద్దంలో ఉన్నవాటితో ఆడితే కిందికి చూసినప్పుడు దగ్గరి భాగంలోంచి బంతీ, నేలా మసకగా కనపడతాయి. అడుగు తడబడుతుంది. ఆటకు దూరపు చూపుకే చేయించిన అద్దాలు, పగలని రకం, వేరుగా ఉంచుకోవాలి. నేల సంగతి చెప్పాలా? తేమ పట్టిన టైల్స్ మీద చెప్పులతో, సాక్సులతో ఆడే పెద్దలు తుంటి ఎముకతో జూదమాడుతున్నట్టే. అడుగున గమ్ రబ్బరు ఉన్న ఇండోర్ బూట్లు కొత్త బ్యాట్ కంటే ముందు కొనాలి.

ఇంత జాగ్రత్త చెప్పి భయపెట్టానేమో. ప్రపంచంలో ఈ ఆట ఆడే పెద్దలు తక్కువమంది కాదు. 1982లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైన ప్రపంచ వెటరన్స్ పోటీలు నలభై దాటినవారి నుంచి తొంభై దాటినవారి వరకు వయసు వర్గాలతో ఇప్పటికీ సాగుతున్నాయి. 2010లో చైనాలోని హోహోత్‌లో ఆస్ట్రేలియాకు చెందిన డొరొతీ డి లో నూరేళ్లకు దగ్గరపడ్డ వయసులో ఆడింది. పార్కిన్సన్ జబ్బు ఉన్నవాళ్లకు కూడా 2019 నుంచి ప్రత్యేకంగా ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. సంగీతకారుడు నెనాద్ బాక్ తనకు ఆ జబ్బు వచ్చాక ఆడటం మొదలుపెట్టి, తోటి రోగులను కూడగట్టిన ఫలితం అది. తెలుగు నేల మీద ఈ ఆటకు పాత చరిత్రే ఉంది. హైదరాబాద్‌కు చెందిన మీర్ ఖాసిం అలీకి 1969లోనే అర్జున అవార్డు వచ్చింది. ఆయన కాలంలో కుర్రాళ్లుగా బ్యాట్ పట్టినవాళ్లు ఇవాళ డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు.

నెల్లూరు, కావలి, గూడూరు క్లబ్బుల కార్యదర్శులకు ఒక విన్నపం. ఈసారి టోర్నమెంటు పెట్టినప్పుడు అరవై దాటినవారికి విడిగా ఒక విభాగం పెట్టండి. అందులో స్పంజి లేని బ్యాట్లతో ఒక పోటీ, దొరికితే 44 మిల్లీమీటర్ల బంతితో ఒక పోటీ జరపండి. కప్పుల ఖర్చు కాస్త తగ్గించి దీపాలు మార్పించండి.